నైలాన్ నవారుకు శుభ్రంగా బెజ్జం వేయడం, పనిముట్లు పాడవకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

సంచుల పట్టీలు, కుక్కల మెడపట్టీలు, కెమెరా బెల్టులు కుట్టే పనిలో పదేళ్ళకు పైగా ఉన్నాను. కుట్టు గురించి అడిగేవాళ్ళకంటే బెజ్జం గురించి అడిగేవాళ్ళే నాకు ఎక్కువ. తోలుకు ఒక్క దెబ్బతో పడే బెజ్జం నైలాన్‌కు ఎందుకు పడదు, పంచ్ (సుత్తితో కొట్టి బెజ్జం వేసే పదునైన గొట్టం) ఎందుకు మొద్దుబారిపోతోంది, వేసిన బెజ్జం నెల తిరక్కుండానే ఎందుకు పీచులు పీచులుగా లేస్తోంది, ఇలాంటివే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి. ఇక్కడ నవారు అంటే నైలాన్ దారంతో మందంగా నేసిన పట్టీ. పాతకాలపు నవారు మంచం మీది నూలు పట్టీ కాదు.

తోలుకు పనికొచ్చిన పంచ్ నైలాన్‌కు ఎందుకు పనికిరావడం లేదు?

తోలులో పీచు అన్ని వైపులా అల్లుకుని, ఒకదానికొకటి అతుక్కుని ఉంటుంది. పంచ్ అంచు దిగితే ఆ పీచు పక్కకు జరగలేదు కాబట్టి తెగుతుంది. నవారు అలా కాదు. అది పడుగు, పేక దారాలతో నేసిన బట్ట. ఒక్కో దారంలో మళ్ళీ సన్నటి పోగులు ఎన్నో ఉంటాయి. పంచ్ దిగగానే ఈ పోగులు పక్కకు జారతాయి, సాగుతాయి. నైలాన్‌కు తెగేముందు బాగా సాగే గుణం ఉంది. అందుకే ముప్పావు వంతు పోగులు తెగి, మిగతావి అంచుకూ కింది బల్లకూ మధ్య ఇరుక్కుంటాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంకా గట్టిగా కొడతాం. ఆ దెబ్బకు అంచు కింద ఉన్న గట్టి వస్తువును తాకి మడతపడుతుంది. పంచ్‌ను పాడుచేసేది నైలాన్ గట్టిదనం కాదు. తెగని నాలుగు పోగుల కోసం మనం కొట్టే అదనపు దెబ్బలు, కింద పెట్టుకున్న తప్పు బల్ల.

అసలు బెజ్జం అవసరమా?

ముందు మీరే ఈ ప్రశ్న వేసుకోండి, చాలాసార్లు అవసరం ఉండదు. పట్టీ పొడవు తగ్గించడం, పెంచడం కోసమైతే రెండు మూడు గళ్ళ ప్లాస్టిక్ అడ్జస్టర్ చాలు, పట్టీకి చిన్న గాటు కూడా పడదు. స్కూలు బ్యాగు పట్టీలకు వాడేది అదే. పెరిగే దూడ తలకట్టుకు కూడా వరసగా బెజ్జాలు వేసేకంటే జారే బకిల్ పెట్టడం మంచిది. దూడ తల ఎంత పెరిగితే అంత వదులు చేసుకోవచ్చు.

బెజ్జం వేస్తే ఎంత బలం పోతుందో లెక్క వేసి చూడండి. లాగుడంతా మోసేది పొడవునా ఉండే పడుగు దారాలే. 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ మధ్యలో 6 మిల్లీమీటర్ల బెజ్జం కోస్తే, ఆ చోట దాదాపు నాలుగో వంతు పడుగు తెగినట్టే. 38 మిల్లీమీటర్ల పట్టీలో అదే బెజ్జం ఆరో వంతు తీసుకుంటుంది. 50 మిల్లీమీటర్లలో ఎనిమిదో వంతు. నడుము బెల్టుకు, సంచి మూతకు ఈ నష్టం పెద్ద లెక్క కాదు. బరువు మోసేదానికి పెద్ద లెక్కే.

సేఫ్టీ బెల్టుకో, కారు సీటు బెల్టుకో ఇంకో బెజ్జం వేయాలి. ఎలా?

వేయకండి. ఎత్తులో పనిచేసేవాళ్ళు కట్టుకునే హార్నెస్, కారు సీటు బెల్టు, బరువులెత్తే స్లింగు, బండిని లాగే పట్టీ, వీటికి ఒక్క బెజ్జం కూడా వేయకూడదు. వేడి గుండుసూది కూడా తగిలించకూడదు. మన దేశంలో పారిశ్రామిక సేఫ్టీ బెల్టులకు, హార్నెస్‌లకు ఐఎస్ 3521 ప్రమాణం ఉంది. దాని కింద పరీక్షించేది చెక్కుచెదరని పట్టీని. మీరు బెజ్జం వేసిన పట్టీని ఎవరూ పరీక్షించలేదు.

తెలంగాణలో గీత కార్మికులకు 2024 నుంచి ఇస్తున్న కాటమయ్య రక్షణ కవచం కిట్లలోని పట్టీలకూ ఇదే మాట వర్తిస్తుంది. వదులైందనో బిగువైందనో ఇంట్లో ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో (వైర్లు అతికించే, కరెంటుతో వేడెక్కే మొన ఉన్న పనిముట్టు) బెజ్జం వేస్తే, తాటిచెట్టు మీద ఆ పట్టీ ఎక్కడ తెగాలో మనమే గుర్తు పెట్టినట్టు. సైజు సరిపోకపోతే సరిపోయేది అడిగి తీసుకోవాలి.

వేడితో వేయాలా, పంచ్‌తో కొట్టాలా?

నా ఓటు వేడికే. నైలాన్ వేడికి కరుగుతుంది. నైలాన్ 6 అనే రకం సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నైలాన్ 66 సుమారు 260 డిగ్రీల దగ్గర కరుగుతాయి. వేడి మొన దిగినప్పుడు పోగులు తెగడంతో పాటు వాటి కొసలు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. బెజ్జం చుట్టూ గట్టి కమ్మీ ఏర్పడి, పీచు లేవదు. చల్లగా కొట్టిన బెజ్జం ఎంత శుభ్రంగా పడినా, దాని అంచును తర్వాత వేడితోనో, దారంతోనో, రింగుతోనో బిగించాల్సిందే. లేకపోతే బకిల్ ముల్లు తగిలినప్పుడల్లా నాలుగు పోగులు బయటికి వస్తాయి.

సోల్డరింగ్ ఐరన్‌తో వేసే పద్ధతి వివరంగా చెప్పండి.

60 వాట్ల ఐరన్ హాయిగా పనిచేస్తుంది. 25 వాట్లదీ కరిగిస్తుంది కానీ మందం పట్టీలో దిగేసరికి చల్లబడి నెమ్మదిస్తుంది. అప్పుడు మనం నొక్కుతాం, బెజ్జం వంకర పోతుంది. సర్క్యూట్ బోర్డులకు వాడే మొనను ఈ పనికి వాడకండి. కరిగిన నైలాన్ దానికి అంటుకుని మాడి నల్లటి పొర కడుతుంది. ఆ తర్వాత ఆ మొనకు సీసం అంటదు. పాత మొన ఒకటి పట్టీల కోసమే ఉంచుకోండి.

చాక్‌తో గుర్తు పెట్టి, పట్టీని చెక్క మీద పరిచి రెండు కొసలూ బిగువుగా పట్టుకోవాలి. ఇంకొకరి చేయి సాయం ఉంటే మంచిది, లేకపోతే రెండు క్లిప్పులు చాలు. మొనను నిలువుగా పెట్టి, మెల్లగా తిప్పుతూ, దాని వేడి పనిచేయనివ్వండి. బలం వాడొద్దు. అవతలికి మొన కనిపించగానే తీసేసి, పట్టీ తిరగేసి వెనక నుంచి మరోసారి దింపండి. మొన సన్నగా మొదలై లావుగా ముగుస్తుంది కదా, ఒకవైపే దింపితే పైన వెడల్పు, కింద ఇరుకు అవుతుంది.

అసలు నేర్పంతా తర్వాతి రెండు మూడు సెకన్లలో ఉంది. అంచు ఇంకా మెత్తగా ఉండగానే, సరైన లావున్న చల్లటి ఇనుప కడ్డీని బెజ్జంలోకి దూర్చి ఒక చుట్టు తిప్పండి. బెజ్జం గుండ్రంగా, కొలతకు వస్తుంది. వెంటనే కడ్డీ తీసేసి, పైకి లేచిన కమ్మీని స్టీలు చెంచా వెనక భాగంతో అణచండి. ఇది చేయని బెజ్జం అంచు చల్లారాక రంపపు పళ్ళలా గరుకుగా మిగులుతుంది. కుక్క మెడపట్టీకైతే ఆ గరుకు మెడ బొచ్చును కోస్తుంది. అందుకే నేను మెడపట్టీల లోపలి వైపు సన్న ఎమరీ కాగితంతో కూడా రుద్దుతాను.

అంచు తేనె రంగుకు మారితే ఫర్వాలేదు. నల్లబడిందంటే మాడింది, వంచితే పెళుసుగా విరుగుతుంది. తెల్ల పట్టీ మీద ఈ రంగు మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి, తెల్లదానికి వేడి అంచును అలాగే వదలకుండా రింగో కాజానో వేయండి.

పని అయ్యాక మొన వేడిగా ఉండగానే తడి స్పాంజితో తుడవండి. మొనను ఆకురాయితో రుద్దొద్దు. ఈ రోజుల్లో వచ్చే మొనలకు రాగి మీద సన్నటి ఇనుప పూత ఉంటుంది. ఆ పూత పోతే లోపలి రాగి త్వరగా అరిగిపోతుంది. పూత లేని పాతరకం రాగి మొనలనైతే రుద్దుకోవచ్చు.

సోల్డరింగ్ ఐరన్ లేదు. మేకు కాల్చి దింపవచ్చా?

దింపవచ్చు. మామూలు నల్ల ఇనుప మేకు తీసుకోండి, జింకు పూత ఉన్నది వద్దు. పట్టకారుతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మీద వేడి చేయండి. ఎర్రగా కాలనక్కర్లేదు, ఎర్రబడితే అంచు మాడుతుంది. ముందు ఒక చిన్న ముక్క మీద దింపి చూస్తే ఎంత వేడి సరిపోతుందో తెలిసిపోతుంది. ఒక వేడికి ఒక బెజ్జమే వస్తుంది, ప్రతిసారీ మళ్ళీ కాల్చుకోవాలి.

మేకుకు బదులు నా తోలు పంచ్‌నే కాల్చి కొడితే గుండ్రంగా, అంచు అతుక్కుని ఒకేసారి వస్తుంది కదా?

వస్తుంది. ఆ ఒక్కసారే వస్తుంది. నా మొదటి మంచి పంచ్‌ను నేను ఇలాగే పోగొట్టుకున్నాను. అప్పుడు నేను పనిచేసే కొట్లో అందరూ అలాగే చేసేవారు, నేనూ చేశాను. బెజ్జం అద్దంలా పడింది. మర్నాడు అదే పంచ్‌ను తోలు మీద కొడితే అంచు మైనంలా మడతపడింది.

కారణం ఇదీ. పంచ్ ఉక్కును తయారీలో కాల్చి చల్లార్చి గట్టి చేస్తారు. ఆ తర్వాత పెళుసు తగ్గడానికి కొద్దిగా మళ్ళీ వేడి చేస్తారు. మామూలు కార్బన్ ఉక్కు 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగుకు, 300 దగ్గర నీలానికి తిరుగుతుంది. నీలం కనిపించిందంటే పదును నిలబెట్టే గట్టిదనం చాలావరకు పోయినట్టే. నైలాన్ కరగడానికి కావలసిన వేడి కూడా దాదాపు ఇంతే. మంట మీద పెట్టిన పంచ్ సరిగ్గా అక్కడే ఆగదు, పల్చటి అంచు ముందుగా వేడెక్కి ఆ హద్దు దాటిపోతుంది. కాబట్టి పంచ్‌ను చల్లగానే వాడండి. కాల్చాలనిపిస్తే అందుకని విడిగా ఒక పాత పంచ్‌నో, ఇనుప గొట్టం ముక్కనో పెట్టుకోండి. దానికి పదును పోయినా బాధ లేదు, వేడే కోస్తుంది.

సరే, చల్లగా పంచ్‌తో కొట్టాలంటే శుభ్రంగా ఎలా వస్తుంది?

కింద పెట్టే బల్లతో మొదలుపెట్టండి. గచ్చు, గ్రానైట్ బండ, ఇనుప దిమ్మ, ఈ మూడూ పంచ్‌కు శత్రువులు. మాంసం కొట్టే చింతమొద్దు చూసే ఉంటారు. అడ్డంగా కోసిన మొద్దు మీద నార నిలువుగా ఉంటుంది. అంచు దిగినప్పుడు నార పక్కకు తప్పుకుని పదునును కాపాడుతుంది. అలాంటి చిన్న మొద్దు ముక్క చాలు. లేకపోతే వంటింట్లో కూరగాయలు తరిగే మందపాటి ప్లాస్టిక్ పలక. దాని మీద పనికిరాని తోలు ముక్క పరిస్తే ఇంకా మేలు, చివరి పోగులు తోలులోకి దిగి తెగుతాయి.

సుత్తి చెక్కదో, నైలాన్ తలదో కావాలి. ఇనుప సుత్తితో కొడితే పంచ్ తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. కొన్నాళ్ళకు ఆ అంచుల నుంచి ఇనుప ముక్కలు ఎగిరి కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది.

ఇక పట్టీ. దారాలు జారకుండా చేయడమే ఇక్కడ కిటుకు. బెజ్జం పడే చోట రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించవచ్చు. ఇంకా బాగా పనిచేసేది ఫెవిక్విక్ లాంటి పల్చటి జిగురు. ఆ చోట రెండు మూడు చుక్కలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. పోగులన్నీ ఒక బిళ్ళలా గట్టిపడతాయి, పంచ్‌కు తోలులాగే తోస్తుంది. ఒలికిన జిగురును నూలు గుడ్డతో తుడవకండి. నూలుకు తగిలితే ఆ జిగురు ఒక్కసారిగా వేడెక్కి చేయి కాలుతుంది.

ఒక గట్టి దెబ్బ కొట్టి, పంచ్ తీయకుండా కొంచెం అటూ ఇటూ తిప్పి, ఇంకో దెబ్బ కొట్టండి. రెండు దెబ్బలకూ తెగకపోతే పంచ్‌కు పదును లేదని అర్థం, మూడో దెబ్బ కొట్టొద్దు. మిగిలిన పోగులను చిన్న కత్తెరతో కత్తిరించి, అంచుకు వేడి మొన తగిలించి ముగించండి.

తిరిగే చక్రం ఉన్న ప్లయర్ పంచ్ సరిపోతుందా?

పల్చటి పట్టీకి సరిపోతుంది. రెండు పొరలు కుట్టిన పట్టీకి చాలదు, బలవంతం చేస్తే దాని దవడలు పక్కకు తిరిగి గొట్టం సరిగ్గా కింది దవడకు ఉండే బిళ్ళ మీద కూర్చోదు. ఆ బిళ్ళ ఇత్తడిది. పంచ్ అంచుకంటే మెత్తగా ఉండి పదును కాపాడటానికే ఇత్తడి పెడతారు. దాని మీద గుండ్రటి గాట్లు లోతుగా పడితే పోగులు ఆ గాట్లలో దాక్కుని తెగవు. బిళ్ళ మార్చండి, లేదా మధ్యలో తోలు ముక్క పెట్టి నొక్కండి.

డ్రిల్లింగ్ మెషీన్‌తో?

వద్దు. బిట్టు పోగులను చుట్టుకుని పట్టీ మొత్తాన్ని గిర్రున తిప్పుతుంది. వేళ్ళకు తగిలితే చాలా ప్రమాదం.

పోగులు తెగకుండా బెజ్జం వేసే మార్గం లేదా?

ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి అదే. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఉండే ఆరె లాంటి మొనతో దారాల మధ్య సందు చూసుకుని దూర్చాలి. మొన మరీ పదునుగా ఉంటే దారాన్ని చీలుస్తుంది కాబట్టి కొంచెం మొద్దు చేసుకోవాలి. దాని వెనక లావుపాటి అల్లిక సూది, దాని వెనక ఇంకా లావు కడ్డీ, ఇలా మెల్లగా వెడల్పు చేసుకుంటూ పోతే దారాలు పక్కకు జరిగి దారి ఇస్తాయి. ఒక్క పడుగూ తెగదు.

వదిలేస్తే అది మళ్ళీ మూసుకుంటుంది. అందుకే వెంటనే ఐలెట్ రింగు దూర్చి బిగించాలి. రింగుతో పాటు కింద వాషర్ తప్పనిసరి. వాషర్ లేని రింగు తోలులో నిలుస్తుంది కానీ నవారులో నెలలోపే ఊడి చేతికొస్తుంది. రింగు మెడ పట్టీ మందం దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉంటేనే చక్కగా మడతపడుతుంది. నీళ్ళు, చెమట తగిలే వాటికి ఇత్తడి రింగు తీసుకోండి, ఇనుము తుప్పు పట్టి పట్టీకి మరక చేస్తుంది.

దర్జీ వేసే కాజా పనికొస్తుందా?

చాలా బాగా పనికొస్తుంది, కానీ ఓపిక కావాలి. వేడితో బెజ్జం వేసుకుని, దాని చుట్టూ మైనం పట్టించిన నైలాన్ దారంతో చేత్తో గుండ్రటి కాజా కుట్టండి. కరిగిన కమ్మీలో సూది దిగదు, దాని బయట నుంచి కుట్టు తీయాలి. బకిల్ ముల్లు రోజూ తగిలే బెజ్జానికి ఇంతకంటే మన్నికైన అంచు నేను చూడలేదు.

బెజ్జం ఎంత ఉండాలి, ఎంత దూరంలో ఉండాలి?

ముల్లు లావుకంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ. 3 మిల్లీమీటర్ల ముల్లుకు 4 మిల్లీమీటర్ల బెజ్జం. వేడితో వేస్తే కొంచెం చిన్నగా మొదలుపెట్టండి, అంచు కరిగి వెనక్కి ముడుచుకునేసరికి కొలతకు వస్తుంది. బెల్టుకు బెజ్జాల మధ్య 25 మిల్లీమీటర్ల దూరం సౌకర్యంగా ఉంటుంది. అన్నీ నడిమి గీత మీదే ఉండాలి. పక్కపక్కన రెండు వేస్తే ఒకేచోట రెట్టింపు పడుగు తెగుతుంది.

నా దగ్గరున్నది నైలానో కాదో ఎలా తెలుస్తుంది?

చిన్న ముక్క కోసి నీళ్ళలో వేసి, గాలి బుడగలు పోయేలా వేళ్ళతో పిసికి వదలండి. తేలితే అది పాలీప్రొపిలీన్. చవక సంచుల పట్టీలు చాలావరకు అవే. అది 160, 165 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి సోల్డరింగ్ ఐరన్ పెట్టగానే పెద్ద గుంట పడిపోతుంది. మొనను క్షణం తగిలించి తీసేయాలి. మునిగితే నైలాన్ కానీ పాలిస్టర్ కానీ అయి ఉంటుంది. ఈ రెంటికీ పైన చెప్పిన పద్ధతులే. నూలు పట్టీ కూడా మునుగుతుంది, కానీ అది కరగదు, కాలి బూడిదవుతుంది. దానికి వేడి లేకుండా కాజా, రింగు మాత్రమే.

పంచ్ మొద్దుబారింది. ఎలా పదును పెట్టాలి?

గొట్టం బయటి వాలును 600 నంబరు తడి ఎమరీ కాగితం మీద, తర్వాత 1000 మీద, పెన్సిల్ దొర్లించినట్టు దొర్లిస్తూ రుద్దండి. లోపలికి మడిచిన అంచును, సన్న పుల్లకు చుట్టిన కాగితంతో ఒకటి రెండు చుట్లు తిప్పి తీసేయాలి. సాన చక్రం మీద పెట్టొద్దు, క్షణంలో అంచు నీలం తిరుగుతుంది. లోపల ఇరుక్కున్న నైలాన్ బిళ్ళలను గొట్టం పక్కన ఉండే కంతలోంచి సన్న పుల్లతో తోయండి, కాల్చి తీయకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలోనైతే పని అయ్యాక ఒక చుక్క మెషీన్ ఆయిల్ రాసి పెట్టండి.

పొగ ప్రమాదమా? చేయి కాలితే ఏం చేయాలి?

కిటికీ పక్కన, ఫ్యాన్ గాలి పొగను మీ ముఖం నుంచి అవతలికి తీసుకుపోయేలా కూర్చోండి. మాడిన నైలాన్ పొగ కళ్ళు, గొంతు మండిస్తుంది. మంట అంటుకుంటే విషవాయువులు కూడా వస్తాయి. పసిపిల్లలను దగ్గరికి రానీయొద్దు. కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుంటే పీకకండి, దానితో పాటు చర్మం ఊడుతుంది. అలాగే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టి డాక్టరుకు చూపించండి.

పాత బెజ్జం చిరిగి పొడవుగా అయిపోయింది. బాగు చేయవచ్చా?

బెజ్జం బాగుపడదు, పట్టీ బాగుపడుతుంది. లేచిన పోగులను కత్తిరించి అంచుకు వేడి తగిలించండి. వెనక వైపు అదే వెడల్పు నవారు ముక్క, చిరుగుకు రెండు వైపులా కనీసం 40 మిల్లీమీటర్లు దాటేలా పెట్టి, నాలుగు వైపులా కుట్టి మధ్యలో అడ్డదిడ్డంగా ఇంటూ గుర్తు వేయండి. కొత్త బెజ్జం పాతదాని మీదే వేయకుండా పట్టీ పొడవు వైపు 25 మిల్లీమీటర్లు జరిపి, రెండు పొరలూ కలిపి సోల్డరింగ్ ఐరన్‌తో దింపండి. రెండు పొరల కరిగిన అంచులు ఒకటిగా అతుక్కుని, కొత్త పట్టీలో ఉన్నదానికంటే గట్టి కమ్మీ వస్తుంది.